ఎవరి పేరు మీద

ఖైజర్‌కు టిప్పర్ నడపడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. క్లీనర్‌గా పక్కన కూర్చుని, తిట్లు తిని, పడుతూ లేస్తూ తనే నేర్చుకున్నాడు. ఆ టిప్పర్‌ను ఎంత వేగంగా తిప్పాలో మాత్రం కంపెనీవాళ్లు నేర్పారు. మనిషి చేతికి, కాలికి ఏది నేర్పాలన్నా వాళ్లకు తెలిసిన దారి ఒక్కటే. ట్రిప్పు మీద ఇంత అని ఆశ పెడతారు, ఇక ఆ చెయ్యీ కాలూ రాత్రి నిద్రలో కూడా గేర్లు మారుస్తూనే ఉంటాయి.

గోదావరిఖని చుట్టుపక్కల ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు తవ్వేది సర్కారు సంస్థే. ఆ బొగ్గు మీద కొండంత మట్టి ఉంటుంది కదా, దాన్ని ఎత్తి పక్కన పోసే పని మాత్రం ప్రైవేటు కంపెనీలది. టెండరు నడిచినన్నాళ్లు ఉంటాయి. అయిపోగానే మట్టి తవ్వే షావెళ్లు, టిప్పర్లు, క్యాంపులోని వంటపాత్రలతో సహా ట్రెయిలర్ల మీద ఎక్కించుకుని ఇంకో రాష్ట్రానికి పోతాయి. డ్రైవర్లను ఎక్కించుకుపోవు. ఖైజర్ పనిచేసిన కంపెనీ కూడా అలాగే పోయింది. వెళ్లే రోజు అందరికీ ఒక పూలదండ వేసి, ఫోటో తీసి, దండ తిరిగి తీసుకున్నారు.

కంపెనీ అంటే అన్నీ ఒకటే అనుకునేరు. డ్రైవర్లను అడిగితే తెలుస్తుంది. ప్రతి కంపెనీలోనూ రెండు రకాల మనుషులుంటారు. మస్టర్‌లో, అంటే కంపెనీ హాజరు పుస్తకంలో, పేరున్నవాళ్లు ఒకరు. వాళ్లకు జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ పడుతుంది, వారానికొక సెలవు ఉంటుంది, జరగరానిది జరిగితే ఇంటివాళ్లకు బీమా వస్తుంది. పేరు లేనివాళ్లు ఇంకొకరు. వాళ్లూ అదే టిప్పర్ నడుపుతారు, అదే దుమ్ము మింగుతారు. కానీ వాళ్లు సబ్ కాంట్రాక్టర్ మనుషులు. జీతం చేతికిస్తారు. ఏమైనా అయితే ఆ చెయ్యి కనబడదు.

జైపాల్ ఈ రెండో రకం. ఖైజర్ పక్కింటి మనిషి, అన్నలాంటివాడు. మొన్న వానాకాలం, మట్టి పోసే డంపు యార్డు అంచున నేల జారి టిప్పర్‌తో సహా కిందికి పోయాడు. అతని భార్య సారవ్వకు దహనం ఖర్చులు తప్ప చిల్లిగవ్వ రాలేదు. కంపెనీ గేటు ముందు శవంతో కూర్చుందామని కొందరు లేచారు. మస్టర్‌లో లేని మనిషికి మేమెట్లా బాధ్యులమని కంపెనీ, నేను బండి ఇచ్చానే గాని ప్రాణం తీసుకోలేదని సబ్ కాంట్రాక్టరు చేతులు దులుపుకున్నారు. సారవ్వ ఇప్పుడు కూరగాయల మార్కెట్లో ఎల్లిపాయలు వలుస్తుంది.

ఆ దహనం అయిన సాయంత్రమే మెహ్రీన్ మొగుణ్ని నిలదీసింది. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ, ఇద్దరు పిల్లల్ని బడికి పంపుకుంటూ తన పనేదో తను చూసుకునేది. ఆ రోజు మాత్రం కూతురి చెయ్యి పట్టుకుని తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"దీని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు జీ. మస్టర్ల పేరుంటేనే బండి ఎక్కుత అని. లేకుంటే వద్దు. ఆటో నడుపు, హమాలీ చెయ్యి, ఏమన్న చెయ్యి. నాకు సారక్క బతుకు వద్దు."

ఖైజర్ చెయ్యి పెట్టాడు. అప్పటికి అతని పేరు మస్టర్‌లో భద్రంగా ఉంది కాబట్టి మాట ఇవ్వడం కష్టమనిపించలేదు. కంపెనీ ఎత్తేశాక తెలిసింది ఆ మాట బరువు.

పీఎఫ్ తీసుకుని తినడం అయిపోయింది. అద్దె ఆటో ఒకటి పట్టుకుని ఎన్టీపీసీ దాకా షేర్ మీద తిప్పాడు. ఆటో ఓనరు తమ్ముడికి పని లేకపోయేసరికి తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు. మార్కెట్లో బస్తాలు మోద్దామని వెళితే, అక్కడి హమాలీలకు సంఘం ఉంది, కొత్తవాణ్ని రానివ్వరు. ఇరవై ఏళ్లుగా కుదుపుల్లో కూర్చున్న నడుముకు బస్తా మోసే సత్తువ లేదన్న సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. ఉద్యోగం లేని మగాడు పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఎక్కడికి పోవాలో తెలియక చౌరస్తాలోని చాయ్ హోటల్‌కు పోతాడు. ఖైజరూ అంతే చేశాడు.

ఆ హోటల్లో పనిలేని డ్రైవర్లంతా కంపెనీల జాతకాలు విప్పేవాళ్లు. సంబంధాలు చూసే పెద్దలు కూడా అంత లోతుగా వెతకరు.

"గా మంథని దిక్కున్న కంపెనీ జీతం మస్తిస్తదట గని, పండుగకు సుత సెలవియ్యరట."

"జీతం ఇస్తది గని ఒరిజినల్ లైసెన్సు గుంజుకుంటది. ఇంకో దగ్గరికి పోవుడే ఉండది. అండ్ల పడ్డోడు పడ్డట్టే."

"ఇగ బెల్లంపల్లి దిక్కు ఇంకోటున్నది. ఆళ్లు మనోళ్లనే తీసుకోరు. బిహారోళ్లను తెచ్చి క్యాంపుల పెడ్తరు. మనమైతే పెండ్లికి పోతం, చావుకు పోతం. గాళ్లు యాడికి పోతరు?"

"తీసుకుంటే సుత నలపై ఏండ్లు దాటినోన్ని చూడనే చూడరు. లీడర్ రాసిచ్చిన సిఫార్సు చీటీ ఉంటె చూస్తరు."

ఖైజర్‌కు నలభై దాటింది. లీడర్ చీటీ లేదు. అందుకని అతను ఏ జాతకంలోనూ వేలు పెట్టకుండా చాయ్ తాగేవాడు.

అలాంటప్పుడు కమాన్‌పూర్ దగ్గరి ఓపెన్‌కాస్టుకు కొత్త కంపెనీ వచ్చింది. పెద్ద కంపెనీ. దాని టిప్పర్ల లోపల ఏసీ ఉందని, వయసు చూడరని, చీటీలు చూడరని, ట్రయల్‌లో పాసైతే నేరుగా మస్టర్‌లోనే ఎక్కిస్తారని హోటల్లో అనుకున్నారు. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత ఇద్దరు పాసై, నిజంగానే మస్టర్‌లో ఎక్కి, అందరికీ చాయ్ పోయించేసరికి నమ్మక తప్పలేదు. ఖైజర్ లోపల ఎప్పుడో ఆరిపోయిన ఆశ మళ్లీ రాజుకుంది. ఆశ పుట్టిన మనిషికి నిద్ర పట్టదు. ట్రయల్ దాకా అతను గనిలో నేర్చుకున్న నియమాలన్నీ పిల్లవాడు ఎక్కాలు వల్లించినట్టు వల్లించాడు. బండి స్టార్ట్ చేసేముందు ఒక హారన్, ముందుకు కదిలేముందు రెండు, వెనక్కి పోయేముందు మూడు. బెల్టు. అద్దాలు. టైర్లు చుట్టూ తిరిగి చూడాలి.

"అంత ఫికర్ ఎందుకు జీ? నువ్వు నడిపినంత మంచిగ ఎవరు నడుపుతరు?" అంది మెహ్రీన్ చొక్కా ఇస్త్రీ చేస్తూ.

ఆ మాట నిజమే. పాత కంపెనీలో నెలలో అందరికన్నా ఎక్కువ ట్రిప్పులు కొట్టినవాడి పేరు బోర్డు మీద రాసేవాళ్లు. ఆ బోర్డు మీద ఖైజర్ పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కే లేదు.

ట్రయల్ తీసుకున్నది రవికాంత్ అనే ఇంజనీరు. కోస్తావాళ్లు, తండ్రి కాలంలోనే ఇక్కడికొచ్చి స్థిరపడ్డ కుటుంబం. కొత్త కంపెనీలో సేఫ్టీ ఆయన చేతిలో ఉంది. మర్యాదగా మాట్లాడతాడు, నవ్వడు. ఖైజర్ పక్క సీట్లో కూర్చుని, ఏమీ చెప్పకుండా బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఖైజర్ బండి చుట్టూ తిరిగి చూశాడు. బెల్టు పెట్టుకున్నాడు. హారన్లు ఒక్కటి తప్పలేదు. షావెల్ కింద టిప్పర్‌ను తీసుకుపోయి గీత గీసినట్టు నిలబెట్టాడు. లోడుతో ఎక్కుడు రోడ్డు మీద, ఎదురు బండికి దారి ఇస్తూ, పెళ్లికూతుర్ని ఎక్కించుకున్నంత నెమ్మదిగా నడిపాడు. డంపు దగ్గర అంచుకు కట్టిన మట్టికట్ట చూసుకుని, మూడు హారన్లు కొట్టి, వెనక్కి వచ్చి, ఆగాల్సిన చోట ఆగాడు. రవికాంత్ తలూపాడు. ఖైజర్ కంటికి ఆ ఊపు కనబడింది. ఇంక మట్టి పోసి తిరిగి రావడమే మిగిలింది. ఇంటికి పోతూ మిఠాయి కొనాలా, ముందు మెహ్రీన్‌కు చెప్పి తర్వాత కొనాలా అన్న ఆలోచన కూడా వచ్చేసింది.

టిప్పర్ వెనక తొట్టిని, అదే బాడీని, లేపాడు. మట్టి జారిపోయింది. బాడీ దించే లివర్ వేశాడు.

తర్వాత జరిగింది ఖైజర్ చేసింది కాదు. అతని చెయ్యీ కాలూ చేశాయి. బాడీ ఇంకా సగం గాలిలో ఉండగానే కాలు క్లచ్ తొక్కింది, చెయ్యి గేరు వేసింది, టిప్పర్ ముందుకు కదిలింది. పాత కంపెనీలో ట్రిప్పు పెరగాలంటే అదే మార్గం. బాడీ పూర్తిగా దిగేదాకా ఆగినవాడు రోజు మొత్తం మీద వెనకబడిపోతాడు. "బాడీ దిగేదాకా పండుకుంటవా ఏంది? కదులు!" అని వాకీటాకీలో బూతులు తిట్టి మరీ నేర్పారు. ఏళ్ల తరబడి రోజుకు అన్నిసార్లు చేసిన పని, ఆపాలన్న ఆలోచన పుట్టేలోపే అయిపోయింది.

"ఆపు" అన్నాడు రవికాంత్.

ఖైజర్ ఆపాడు. అద్దంలో బాడీ మెల్లగా దిగడం కనబడింది.

"సార్, అలవాట్ల పొరపాటైంది సార్. ఒక్క చాన్సియ్యుండ్రి. మల్ల చూపిస్త."

"అలవాటనే చెప్తున్నానయ్యా. నీకు రాక చేసుంటే నేర్పేవాణ్ని. బాడీ పైకుండగా బండి కదిలితే కరెంటు తీగలకు తగులుతుంది, లేదా పక్కకు పల్టీ కొడుతుంది. పనిలో తొందర పడ్డప్పుడు నీ చెయ్యి మళ్లీ ఇదే చేస్తుంది. నువ్వు మంచి డ్రైవర్‌వే. కాదనను. కానీ తీసుకోలేను."

"పిల్లలున్నరు సార్. నీ కాల్మొక్త సార్."

"పిల్లలున్నారనే తీసుకోవట్లేదు" అని రవికాంత్ దిగిపోయాడు.

ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఆయన చెప్పింది అక్షరాలా సరైనది. తిట్టాల్సింది ఈ అలవాటును డబ్బు పెట్టి పెంచి, బోర్డు మీద పేరు రాసి, ఫోటో తీసి, ట్రెయిలర్లు ఎక్కి వెళ్లిపోయినవాళ్లను. వాళ్లేమో ఇప్పుడు ఇంకో రాష్ట్రంలో ఇంకెవడి చేతులకో ఇదే నేర్పిస్తూ ఉంటారు.

గేటు బయట సంపత్ మోటార్‌సైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. పాత కంపెనీలో సూపర్‌వైజరు. వాకీటాకీలో తిట్టి నేర్పిన మనిషి ఇతనే. కొత్త కంపెనీ కొంత మట్టిపని సబ్ కాంట్రాక్టుకు ఇచ్చింది. ఆ సబ్ కాంట్రాక్టరు దగ్గర సంపత్ ఇప్పుడు మనుషుల్ని కుదురుస్తున్నాడు. ట్రయల్‌లో తప్పినవాళ్లు బయటికి వచ్చే దారిలోనే బండి పెట్టుకోవడంలో అతని తెలివి ఉంది.

"ఏం ఖైజర్ భాయ్, తీసుకోలేదా? నాకెరుకనే. గా సార్ దగ్గర మన పని నడువదు. నా దగ్గరికి రారాదు. నాకు నీ అసొంటోడే కావాలె. ట్రిప్పులు కొట్టేటోడు."

"మస్టర్ల పేరు ఎక్కిస్తవా సంపతన్నా?"

సంపత్ నవ్వాడు. "మస్టర్ల పేరుండాల్నంటె మల్ల గా సార్ ట్రయలే పాస్ కావాలె. నా దగ్గర గేటు పాసులున్నయి. ఊరికి పోయి తిరిగి రాని బిహారోళ్లవి. గండ్ల ఒకటి నీకిస్త. గేటు కాడ ఫోటో ఎవడు చూస్తడు? దుమ్ముల గడ్డాలన్ని ఒక్క తీరే కొడ్తయి."

"నాతోని కాదన్నా. ఇంట్ల మాటిచ్చిన."

"మాట మంచిదే. ఆకలైతే రా" అని సంపత్ బండి స్టార్ట్ చేశాడు.

ఇంట్లో ఖైజర్ నిజం చెప్పలేదు. ట్రయల్ మంచిగనే అయిందని, కబురు చేస్తామన్నారని చెప్పాడు. రోజులు గడిచాయి. మెహ్రీన్ కళ్లల్లో వత్తులేసుకుని ఆ కబురు కోసం చూసింది. కిరాణా దుకాణం మల్లక్క ఉద్దెర ఆపేసింది. ఫాల్స్ పని కూడా తగ్గింది, ఎవరికి వాళ్లు మిషన్లు కొనుక్కున్నారు. పిల్లలు అన్నంలో పప్పు ఏదని అడగడం మానేశారు. అడిగినప్పటికంటే అడగనప్పుడే ఖైజర్‌కు ముద్ద దిగేది కాదు. ఇంట్లో ఉంటే ఆమె చూపు, బయటికి పోతే నలుగురి చూపు. చాయ్ హోటల్‌కు పోవడానికి కూడా మొహం చెల్లక, పనికి పోతున్నట్టు ఊరు చుట్టూ నడిచేవాడు.

అలా నడుస్తున్న ఒక పొద్దున, బొగ్గును రైళ్లకు ఎక్కించే సైడింగ్‌కు పోయే రోడ్డు వెంట, టిప్పర్ల నుంచి రాలిపడ్డ బొగ్గు ఏరుకుంటున్న ఆడవాళ్లు కనబడ్డారు. అది అక్కడ రోజూ కనబడేదే. బస్తా నింపి హోటళ్లకు అమ్ముకుంటారు. గార్డులు వస్తే పరుగెడతారు. ఆ రోజూ గార్డు జీపు వచ్చింది, కర్రలు ఊపారు, ఆడవాళ్లు కకావికలై పరుగెత్తారు. వాళ్లలో ఒకామె బురఖా వేసుకుని ఉంది. నల్లటి బురఖా మోకాళ్ల దాకా రోడ్డు దుమ్ముతో బూడిదరంగైంది. బస్తా వదిలేయలేక, మోయలేక, ఈడ్చుకుంటూ పరుగెత్తుతోంది. కాలు బురఖాలో చిక్కుకుని పడింది. లేచింది. మళ్లీ బస్తానే పట్టుకుంది.

ఆమె ఎవరో ఖైజర్‌కు మొహం చూడకుండానే తెలిసింది. పెళ్లయిన నాటి నుంచి మెహ్రీన్ పరుగెత్తడం అతను ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి పేరు పెట్టి అరవబోయి నోరు మూసుకున్నాడు. పిలిస్తే ఆమె తనను చూస్తుంది. తను చూశాడని ఆమెకు తెలుస్తుంది. లారీ చాటుకు తప్పుకుని, ఆమె మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఏడ్చాడు. నలభై దాటిన మగవాడు రోడ్డు పక్కన లారీ టైరు పట్టుకుని ఏడిస్తే ఎవరూ ఆగి చూడరు. తాగి ఉంటాడనుకుంటారు.

అక్కణ్నుంచి నేరుగా సంపత్ దగ్గరికి పోయాడు. సంపత్ డ్రాయర్ తెరిచి ఒక పాసు తీసి ఇచ్చాడు. రెండో షిఫ్టుకు రేపటి నుంచి రమ్మన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మెహ్రీన్ స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, ఏమీ జరగనట్టు పొయ్యి ముందు కూర్చుని ఉంది. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. మోచేతి మీద గీరుకుపోయిన గాయాన్ని కొంగుతో కప్పుకుంది. ఆ పూట అన్నంలో పప్పు ఉంది.

"కబురొచ్చింది" అన్నాడు ఖైజర్. "రేపు డ్యూటీ ఎక్కాలె."

"మస్టర్ల పేరెక్కిందా?"

"ఎక్కింది."

మెహ్రీన్ నమ్మింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. దువా చేస్తోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. తర్వాత లేచి, డబ్బా అడుగున మిగిలిన చక్కెర అంతా వేసి సేమియా వండింది. పిల్లలకు పెట్టింది. ఒక గిన్నెలో వేసుకుని సారవ్వ ఇంటికి కూడా ఇచ్చి వచ్చింది. ఆ రోజంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. బడి గురించి, ఇంటి కప్పు గురించి, ఒకసారి దర్గాకు పోయి రావడం గురించి. ఇన్ని మాటలు ఆమె దగ్గర ఉన్నాయని ఖైజర్‌కు తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతుంటే సారవ్వ తన గడప మీద కూర్చుని ఎల్లిపాయలు వలుస్తోంది. పక్కన నిన్నటి గిన్నె కడిగి పెట్టి ఉంది. ఇవ్వడానికి పిలిచినట్టు చెయ్యి ఊపింది. ఖైజర్ దగ్గరికి వెళ్లాడు. ఆమె గిన్నె ఇవ్వలేదు.

"సంపత్ బండి మొన్న మన గల్లీల తిరిగింది తమ్మీ. నేను చూసిన. మస్టర్ల లేనోళ్లనే గదా ఆడు కుదిర్చేది."

ఖైజర్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"ఎవరి పేరు మీద పోతున్నవ్?"

"అక్కా, గట్లేం లేదు. మస్టర్ల..."

"మెహ్రీన్‌కు చెప్ప. నా బిడ్డల మీద ఒట్టు. నువ్వు పోవద్దని సుత అన. అననీకి నేను పెడ్తనా నీ పిల్లలకు బువ్వ?" సారవ్వ చేతిలోని ఎల్లిపాయ కింద పెట్టింది. "మీ అన్న పోయినప్పుడు నేను దవాఖానకు ఉరికిన. జైపాల్ అనేటోడు రానే రాలేదన్నరు. గోదావరిఖనిల లేడన్నరు, కరీంనగర్ పోయిన, ఆడ లేడన్నరు. మల్ల ఈడికే వచ్చిన. మొదలు పోయిన దవాఖాననే ఉన్నడు తమ్మీ. ఐసుల ఉన్నడు. కాలికి చీటీ కట్టిన్రు, గండ్ల పాసు మీదున్న ఇంకెవని పేరో ఉన్నది. ఆ పేరోని ఇంటోళ్లు వస్తరని ఎదురుచూస్తున్రు. నేను తలుపు బయట్నే ఏడ్చుకుంట కూసున్న, లోపల ఉన్నది నా మనిషని తెల్వక."

 షిఫ్టు బస్సు చౌరస్తా దగ్గర హారన్ కొడుతోంది.

"మెహ్రీన్ గట్ల తిరగొద్దు. దానికి తెల్వకున్నా మంచిదే, ఒక్కరికన్న తెల్వాలె. పాసు మీద ఏం పేరున్నదో నాకు చెప్పు."

ఖైజర్ జేబులోంచి పాసు తీశాడు. తనకే ఇంకా నోరు తిరగని ఆ పేరు చదివి చెప్పాడు.

"బ్రిజేశ్ మహతో."

సారవ్వకు చదువు రాదు. కళ్లు మూసుకుని ఆ పేరును మెల్లగా పలికింది. మళ్లీ పలికింది. మూడోసారి తప్పు పలికితే ఖైజరే సరిదిద్ది, బస్సుకు పరుగెత్తాడు.